గాలిలో చలివేంద్రం

వేసవి రాగానే మన ఊళ్ళలో వీధి మలుపుల్లో చలివేంద్రాలు వెలుస్తాయి. దాహం వేసిన బాటసారి ఎవరినీ అడగకుండానే అక్కడ నీరు త్రాగవచ్చు. ఆ కుండలు నలుగురి కోసం పెట్టినవే. కాని, అదే బాటసారి ఒకరి ఇంట్లోకి వెళ్ళి, చెప్పకుండా కుండలో నీరు ముంచుకొంటే తప్పవుతుంది. రెండుచోట్లా ఉన్నవి నీళ్ళే. భేదం అనుమతిలో ఉంది. ఇంటర్నెట్‌కు కూడ ఈ న్యాయమే వర్తిస్తుంది.

తీగలతో పనిలేకుండా రేడియో తరంగాల ద్వారా ఇంటర్నెట్‌ను అందించే విధానమే వైఫై. రూటరు అనే చిన్న పెట్టె నుండి వెలువడే తరంగాలు గోడలు దాటి పొరుగింటికి కూడ చేరుతాయి. తాండూరు నాపరాతి గోడ వాటిని బలహీనపరచవచ్చునేగాని, పూర్తిగా ఆపలేకపోవచ్చు. అయితే, తరంగం మన ఇంటికి వచ్చినంత మాత్రాన అది మన సొత్తు కాదు.

వికారాబాదు, తాండూరు పట్టణాలు సికింద్రాబాదు–వాడి రైలుమార్గంలో ఉన్నాయి. ఇటువంటి మార్గాల్లో ప్రయాణించేవారికి ఉపయోగపడేలా, రైల్వేశాఖకు చెందిన రైల్‌టెల్ సంస్థ గూగుల్ సహకారంతో 2016 జనవరిలో ముంబయి సెంట్రల్ స్టేషనులో ఉచిత వైఫైని ప్రారంభించింది. 2020లో గూగుల్ వైదొలగినా రైల్‌టెల్ ఆ సేవను కొనసాగించింది. 2021 మే నాటికి అది 6,000 స్టేషన్లకు విస్తరించింది. ఫోనులో ‘రైల్‌వైర్’ పేరు కనబడితే దానిని ఎంచుకొని, మన ఫోను నంబరు నమోదు చేయాలి. సందేశంలో వచ్చిన అంకెలను తెలిపితే మొదటి అరగంట ఉచితం.

ఉచితమైనప్పుడు నంబరు ఎందుకు? 2008 జూలైలో అహ్మదాబాదులో బాంబులు పేలడానికి కొద్ది నిమిషాల ముందు ఒక బెదిరింపు ఈ-మెయిలు వెలువడింది. అది నవీ ముంబయిలోని ఒక ఇంటి వైఫై ద్వారా వెళ్ళినట్లు తేలింది. రక్షణలేని వైఫైని అపరిచితులు వాడుకోగా, ఇంటివారు విచారణను ఎదుర్కొనవలసి వచ్చింది. అందువల్లనే 2009లో టెలికాం శాఖ వైఫై భద్రతపై ఆదేశాలు జారీచేసింది. యజమాని అనుమతి లేకుండా ఇతరుల నెట్‌వర్కులో ప్రవేశించడం సమాచార సాంకేతిక చట్టం–2000లోని 43వ సెక్షను ప్రకారం తప్పు. మోసబుద్ధితో అలా చేస్తే 66వ సెక్షను క్రింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు.

అంటే, పంచుకోవడం తప్పని అర్థం కాదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ‘పీఎం వాణి’ పథకాన్ని ఆమోదించింది. దీని ప్రకారం కిరాణా కొట్టు, టీకొట్టు నడిపేవారు కూడ లైసెన్సుగాని, రుసుముగాని లేకుండా ప్రజలకు వైఫై అందించవచ్చు. ఒకనాటి ఎస్‌టీడీ బూత్ వంటిదే ఇది.

ఇంటిలోనైతే అతిథుల కోసం వేరొక పేరుతో, వేరొక సంకేతపదంతో వైఫైని అమర్చుకోవచ్చు. అప్పుడు మన సొంత వివరాలు భద్రంగా ఉంటాయి. బహిరంగ వైఫైలో బ్యాంకు లావాదేవీలు జరపకపోవడం మేలు.

2020లో కరోనా కారణంగా పాఠాలు ఫోనులోకి మారినప్పుడు, ఇంటర్నెట్ లేని విద్యార్థులు ఎందరో చదువుకు దూరమయ్యారు. అటువంటి విద్యార్థి పొరుగింటి తలుపు తట్టి, “కొంచెం వైఫై ఇస్తారా అండీ?” అని అడగడంలో చిన్నతనం లేదు. పరిచయస్థుడైన ఆ బాలునికి సంకేతపదం చెప్పడం విద్యాదానమే అవుతుంది.