అక్షరాలకూ అరలున్నాయి!

మామిడి పూత కనిపిస్తే చాలు... జి. కొండూరు, మైలవరం, నూజివీడు వైపు తోటల్లో గుత్త మాటలు మొదలవుతాయి. బంగినపల్లి చెట్లెన్ని, చిన్నరసాలెన్ని, కాపు ఎంతకిస్తారు? బేరం కుదిరితే కాగితం రాసుకోవాలి. అందులో చాలా భాగం అందరికీ ఒకటే. మారేవి రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, సొమ్ము, గడువు. అందుకే టైపు చేసేవాళ్లు నిన్నటి కాగితమే తెరిచి, పేర్లు మార్చి, ప్రింటు తీసి ఇచ్చేస్తుంటారు. చిక్కంతా అక్కడే! మొదటి పేజీలో మార్చిన సర్వే నంబరు రెండో పేజీలో పాతదే ఉండిపోతే? సంతకాలయ్యాక ఏ తోట ఎవరిదో తేల్చుకోవడానికి పెద్దమనుషుల చుట్టూ తిరగాల్సిందే.

ఒకే సంచి... ఒకే సరుకు

కాపీ, పేస్టు తెలియనివారు లేరు. 1970ల్లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి ‘జిప్సీ’ అనే ఎడిటర్ తయారుచేస్తూ ఈ పద్ధతికి రూపమిచ్చారు. టెస్లర్ 2020లో కన్నుమూశారు. ఆ పద్ధతి ఎంత సులువో అంత ఇరుకు. మామూలుగా ఆ సంచిలో పట్టేది ఒక్కటే. సర్వే నంబరు కాపీ చేయగానే అంతకుముందు తీసుకున్న పేరు పోతుంది. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి!

మౌస్ ముట్టకుండా...

ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1976లో, ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్ తదితరులు ‘ఈమాక్స్’ మొదలుపెట్టారు. బర్కిలీలో బిల్ జాయ్ ‘వీఐ’ రాశారు. రెండింట్లోనూ పనంతా కీబోర్డుతోనే. రెండింట్లోనూ అక్షరాలను దాచుకునే అరలున్నాయి. ఒక్కో అరకు ఒక్కో అక్షరమే పేరు. నేటి ఈమాక్స్ ఉచితం. తెలుగు టైపు చేసే పద్ధతులూ అందులోనే ఉంటాయి.

ఎలాగంటారా? కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కి, బాణం మీటలతో కావలసినంత మేర ఎంచుకోండి. తర్వాత కంట్రోల్-ఎక్స్, ఆపైన వరసగా ఆర్, ఎస్, చివర్లో అర పేరు... ‘పి’ అనుకోండి. రైతు పేరు ‘పి’ అరలోకి చేరింది. అలాగే సర్వే నంబరు ‘ఎన్’లోకి, షరతుల పేరా ‘కె’లోకి. కావలసిన చోట కంట్రోల్-ఎక్స్, ఆర్, ఐ, అర పేరు నొక్కితే అది వచ్చి వాలుతుంది. ఎన్ని కొత్త ముక్కలు కాపీ చేసినా అరలోది చెక్కుచెదరదు.

అసలు లాభం వేగం కాదు. ఖాళీలు వదిలిన నమూనా ఒకటి పెట్టుకుని, ఆ ఖాళీలన్నీ ఒకే అర నుంచి నింపితే సర్వే నంబరు అన్నిచోట్లా ఒకేలా పడుతుంది. తప్పుంటే అరలో పెట్టేటప్పుడే పట్టుకోవచ్చు.

అంకెలకూ అర ఉంది. కంట్రోల్-యు, 101, కంట్రోల్-ఎక్స్, ఆర్, ఎన్, అర పేరు నొక్కితే 101 అందులో ఉంటుంది. పెట్టెల చీటీ మీద దాన్ని దించాక కంట్రోల్-ఎక్స్, ఆర్, ప్లస్, అర పేరు నొక్కండి. 102 సిద్ధం!

ఒక్క జాగ్రత్త. ఈమాక్స్ మూసేస్తే మామూలుగా అరలు ఖాళీ అవుతాయి. నమూనాను విడిగా ఫైలులో భద్రపరచాలి.

విండోస్‌లోనూ...

ఇవన్నీ ఎక్కడ నేర్చుకుంటాం అనుకుంటున్నారా? 2018లో విండోస్ 10కి వచ్చిన సదుపాయం చూడండి. విండోస్ మీట, ‘వి’ కలిపి నొక్కి, మొదటిసారి అనుమతిస్తే చాలు. ఆ తర్వాత కాపీ చేసినవి 25 దాకా జాబితాగా కనిపిస్తాయి. తరచూ వాడే వాటికి పిన్ గుచ్చితే కంప్యూటర్ ఆపి మళ్లీ వేసినా ఉంటాయి. అయితే నలుగురూ వాడే కంప్యూటర్లో పాస్‌వర్డులు, ఆధార్ నంబర్లు ఇలా దాచకండి. మీ తర్వాత కూర్చున్నవారికీ అవి కనిపిస్తాయి.

ఏ ఎడిటరైనా ఆఖరి పని మాత్రం మనదే. ప్రింటు తీసేముందు పాస్‌పుస్తకం పక్కన పెట్టుకుని సర్వే నంబరు అంకె అంకె సరిచూసుకోండి. అరలో ఏది పెడితే అదేగా బయటికొచ్చేది!