సైకిల్ ప్రయాణం – ఆరోగ్యం, ఆనందం

మన హాస్టల్ విద్యార్థికి సైకిల్ అంటే బడికి పోయే సాధనం. కాని నేడు నగరాల్లో ఉద్యోగులు, డాక్టర్లు సైతం ఆదివారం తెల్లవారగానే సరదాగా సైకిల్ తొక్కుతున్నారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిళ్ళ కోసమే 23 కిలోమీటర్ల దారిని 2023లో ప్రారంభించారు.

ఇందుకు ఖరీదైన గేర్ల సైకిలే కావాలనుకోవడం పొరపాటు. ఫ్రాన్స్ దేశంలో పుట్టి మన దేశానికి వచ్చిన ‘బ్రెవెట్’ యాత్రలనే చూడండి. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాలలోపు పూర్తి చేయాలి. గేర్లు లేని సైకిలైనా ఫర్వాలేదు. పంక్చరైతే ఎవరిది వారే బాగు చేసుకోవాలి. అందులో ఫస్టు, సెకండు ర్యాంకులుండవు. గడువులోగా చేరినవారందరూ సమానమే!

లెక్క వేస్తే ఆ వేగం గంటకు సుమారు 15 కిలోమీటర్లే. ఇదే వేగంతో నర్సంపేట నుండి సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని పాఖాల చెరువుకు గంటలోపే చేరవచ్చు. 13వ శతాబ్దంలో, కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన ఆ చెరువును, చుట్టూ ఉన్న అడవిని చూసి ఎండ ముదరకముందే తిరిగి రావచ్చు.

మిత్రులారా! ముందుగా వార్డెన్ గారి అనుమతి తీసుకోండి. గాలి, బ్రేకులు, చైను చూసుకోండి. నీళ్ళ సీసా, పంక్చర్ సామాను వెంట ఉంచుకోండి. రోడ్డుకు ఎడమవైపున ఒకరి వెనుక ఒకరు వెళ్ళండి. అందరికంటే మెల్లగా తొక్కే తమ్ముణ్ణి ముందుంచి, మిగతావారు అతని వేగంతోనే పోవాలి. సైకిల్ లేనివారికి కూడా వంతు రావాలి.

పూర్వ విద్యార్థులైన అన్నలు హాస్టలుకు ఒక గాలిపంపు, ఒక పాత సైకిలు ఇచ్చినా చాలు, ఎందరో తమ్ముళ్ళకు పాఖాల దగ్గరవుతుంది.