హాలీహాక్ మొక్కలకు తుప్పు తెగులు - నివారణ

చలికాలపు పూదోటలో నిలువెత్తున పూచే హాలీహాక్ మొక్కకు ముఖ్య శత్రువు తుప్పు తెగులు. ఇది శిలీంధ్రము వలన కలుగును. ముందుగా అడుగు ఆకులపై పసుపు మచ్చలు కనిపించును. ఆకు తిరగవేసి చూచినచో నారింజ లేక గోధుమ రంగు బొడిపెలుండును. వానిలోని సిద్ధబీజములు గాలి, నీటి తుంపరల ద్వారా పై ఆకులకు ప్రాకును. ఆకులెండి మొక్క నీరసించును.

తెగులు సోకిన ఆకు మరల కోలుకొనదు. మందు కొత్త ఆకులను కాపాడుటకే. కనుక మచ్చ కనిపించగానే ఆ ఆకులను త్రుంచి కాల్చివేయవలెను, పెంటకుప్పలో వేయరాదు. మొక్కల మధ్య 2 అడుగుల ఎడముంచి, ఆకులు తడవకుండ మొదళ్ల వద్దనే నీరు పోయవలెను. పిదప నీటిలో కరిగే గంధకమును లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి, ఆకుల అడుగుభాగము తడియునట్లు 10 రోజుల కొకసారి చల్లవలెను. ఎండవేళ చల్లరాదు. పూత ముగియగానే మోళ్లను తీసి కాల్చినచో వచ్చే ఏడు తెగులు బెడద తగ్గును.