టీవీ మార్చే ముందు వైరు చూడండి!

పండగ ఆఫర్లు మొదలవగానే హాస్టల్లో ఉన్న మీకు ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. అవతల నాన్న షోరూంలో నిలబడి ఉంటారు. వెనక పాటల హోరు. ‘4కే అంటున్నాడు, క్యూఎల్ఈడీ అంటున్నాడు. ఇంకో పది వేలు పెడితే ఇంకేదో వస్తుందట. ఇంజినీరింగ్ చదువుతున్నావుగా, ఏది తీసుకోమంటావు?’ మీరు గబగబా ఫోన్‌లో వెతికి ఏదో ఒకటి చెప్పేస్తారు. ఆ ‘ఏదో ఒకటి’కి ఇంట్లో పన్నెండు నెలలు ఈఎంఐ కట్టాలి.

మా ఇంట్లో ఇలాగే జరిగింది. నేను ఈసీఈ మూడో ఏడాదిలో ఉండగా నాన్న ముచ్చటపడి 43 అంగుళాల 4కే టీవీ కొన్నారు. సెలవులకు వెళ్లేసరికి గోడ మీద టీవీ ఉంది కానీ నాన్న ముఖంలో సంతోషం లేదు. ‘ఏరా, నువ్వు చదివేది ఎలక్ట్రానిక్సే కదా! పాత టీవీలోనే బొమ్మ బాగుండేది. ఇది మసగ్గా ఉందేంటి?’ అన్నారు. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న నేను ‘సిగ్నల్ సరిగ్గా లేదేమో నాన్నా’ అని తప్పించుకున్నా. రెండు రోజుల తర్వాత టీవీ వెనక్కి తొంగి చూస్తే అసలు సంగతి తెలిసింది. కొత్త టీవీకి పాత సెట్ టాప్ బాక్స్‌నే తగిలించారు. అదీ పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న పాత వైరుతో!

ఆ వైరు నాకు నాలుగేళ్ల చదువు నేర్పని పాఠం ఒకటి నేర్పింది. అదే ఇవాళ మీతో పంచుకుంటున్నా. ఇంట్లో డబ్బు మిగులుతుంది, ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది.

తూము ఎంతో నీళ్లూ అంతే

చెరువు నిండుగా ఉన్నా తూము ఎంత వెడల్పుంటే పొలానికి అన్ని నీళ్లే వస్తాయి. టీవీ కూడా అంతే. బొమ్మ మన కంటిదాకా రావడానికి నాలుగు మజిలీలు దాటాలి. ఒకటి, చానల్ లేదా ఓటీటీ పంపే వీడియో. రెండు, దాన్ని అందుకునే బాక్సు, టీవీకి కలిపే వైరు. మూడు, తెర. నాలుగు, తెరకూ మన కంటికీ మధ్య దూరం. వీటిలో ఏది ఇరుగ్గా ఉంటే బొమ్మ నాణ్యత అక్కడే ఆగిపోతుంది. మిగతా మూడింటి మీద ఎంత ఖర్చు పెట్టినా ఫలితం ఉండదు.

మా ఇంటి లెక్క చూడండి. మామూలు ఎస్‌డీ చానల్ బొమ్మలో 720 × 576, అంటే సుమారు 4.15 లక్షల చుక్కలు ఉంటాయి. వాటినే పిక్సెల్స్ అంటాం. 4కే తెర మీద 3840 × 2160, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు. ఇరవై రెట్లు తేడా! వచ్చేది ఒక చుక్క అయితే మిగతా పంతొమ్మిదింటినీ టీవీ ఊహించి నింపుకోవాలి. పాత చిన్న తెర మీద ఈ లోటు కనపడలేదు. పెద్ద తెర మీద కొట్టొచ్చినట్టు కనపడింది. నాన్న కన్ను తప్పు చెప్పలేదు, నా జవాబే తప్పు.

హెచ్‌డీ బాక్సు తెప్పించి, హెచ్‌డీఎంఐ వైరు పెట్టి, హెచ్‌డీ చానళ్లు తీసుకున్నాక అదే టీవీలో బొమ్మ తేటపడింది.

ఓటీటీలో 4కే రావాలంటే

‘మేం ఎక్కువగా ఓటీటీనే చూస్తాం’ అంటారా? అక్కడా తూములున్నాయి. మొదటిది ప్లాన్. నెట్‌ఫ్లిక్స్‌లో ప్రీమియం ప్లాన్ ఉంటేనే 4కే వస్తుంది. కింది ప్లాన్లలో తెర ఎంత గొప్పదైనా బొమ్మ అంత స్పష్టంగా రాదు. రెండోది ఇంటర్నెట్ వేగం. ఫుల్ హెచ్‌డీకి సెకనుకు 5 మెగాబిట్లు, 4కేకి 15 మెగాబిట్లు ఉండాలని అదే సంస్థ చెబుతోంది. రూటర్ ముందు గదిలో, టీవీ రెండు గోడల అవతల ఉంటే ఆ వేగం అక్కడిదాకా చేరుతోందో లేదో టీవీలోనే స్పీడ్ టెస్ట్ పెట్టి చూడండి.

మూడోది చాలామందికి తెలియదు. చవగ్గా దొరికే కొన్ని ఆండ్రాయిడ్ బాక్సుల మీద ‘4కే’ అని పెద్ద అక్షరాలుంటాయి. కానీ వాటికి వైడ్‌వైన్ ఎల్1 అనే కాపీ రక్షణ సర్టిఫికేషన్ ఉండదు. అది లేకపోతే పెద్ద ఓటీటీ యాప్‌లు ఎస్‌డీ నాణ్యతతోనే సినిమా చూపిస్తాయి. కొనే ముందు ఈ ఒక్క మాట అడగండి.

హాల్లో టేపు పట్టండి

ఇక దూరం సంగతి. ఆరోగ్యంగా ఉన్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకూ రెండు చుక్కలను విడివిడిగా చూడగలదు. 43 అంగుళాల తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో ఆ వెడల్పులో 1920 చుక్కలుంటాయి కాబట్టి ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. పదో తరగతి త్రికోణమితితో లెక్కేస్తే, సుమారు ఐదున్నర అడుగులు దాటి కూర్చున్నప్పుడు ఆ చుక్కలు కంటికి విడిగా కనపడవు. 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి ఆ దూరం దాదాపు ఏడు అడుగులు. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీకి దాదాపు ఆరు అడుగులు.

అంటే మీ ఇంట్లో 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ బాగానే పనిచేస్తోంది, సోఫా ఎనిమిది అడుగుల దూరంలో ఉంది అనుకుందాం. కేవలం చుక్కల కోసం దాన్ని తీసేసి అదే సైజులో 4కే కొనక్కర్లేదు. కొత్తగా కొనేవాళ్లు 4కే తీసుకోవడంలో తప్పు లేదు, ఇప్పుడు 43 అంగుళాల్లో ఎక్కువ మోడళ్లు అవే. కానీ 8కే కోసం మాత్రం అప్పు చేయొద్దు. 8కే తెర మీద 3.3 కోట్ల చుక్కలుంటాయి. ఆ నాణ్యతతో వచ్చే తెలుగు చానల్ ఏదో చెప్పమని సేల్స్‌మ్యాన్‌ని అడిగి చూడండి!

పెట్టె మీద మాటలకు అర్థాలు

ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ, మినీ ఎల్ఈడీ: మూడూ ఎల్‌సీడీ కుటుంబమే. తెర వెనక వెలుగు ఉంటుంది, ముందున్న పొర దాన్ని అవసరమైన మేరకు ఆపుతుంది. క్యూఎల్ఈడీలో క్వాంటమ్ డాట్స్ అనే అతి సూక్ష్మ కణాల పొర అదనం. దాంతో రంగులు మరింత స్వచ్ఛంగా వస్తాయి. 2023లో కెమిస్ట్రీ నోబెల్ బహుమతి వచ్చింది ఈ క్వాంటమ్ డాట్స్ పరిశోధనకే. మినీ ఎల్ఈడీలో వెనక దీపాలు చిన్నవిగా, చాలా ఎక్కువగా ఉంటాయి. చీకటి ఉన్నచోట వాటిని తగ్గించి, వెలుగున్నచోట పెంచొచ్చు.

ఓఎల్ఈడీ: ఇందులో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. ఆరిపోతే నిజమైన నలుపే. సినిమాలకు ఇది అద్భుతం. కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా న్యూస్ చానల్ నడిచే ఇల్లయితే ఆలోచించండి. కదలకుండా ఉండే లోగో, కింద పట్టీ ఏళ్ల తరబడి ఒకేచోట వెలిగితే తెర మీద వాటి మచ్చ మిగిలిపోయే ప్రమాదం ఉంది. తాతగారి టీవీకి మామూలు ఎల్ఈడీయే మేలు.

హెచ్‌డీఆర్: మామూలు 8 బిట్ వీడియోలో ఒక్కో మూలరంగుకు 256 మెట్లు. మొత్తం 1.67 కోట్ల రంగులు. హెచ్‌డీఆర్ వాడే 10 బిట్‌లో 1024 మెట్లు. అంటే 107 కోట్ల రంగులు. వినడానికి బాగుంది కదూ? కానీ దాన్ని చూపించడానికి తెరకు వెలుగు కావాలి. బ్రైట్‌నెస్ 250, 300 నిట్స్ దగ్గరే ఆగిపోయే టీవీలో హెచ్‌డీఆర్ అనే మాట పెట్టె మీద ఉంటుంది కానీ తెర మీద పెద్దగా కనపడదు. అందుకే ‘హెచ్‌డీఆర్ ఉందా’ అని కాదు, ‘ఎన్ని నిట్స్’ అని అడగండి.

హెర్ట్జ్: తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే లెక్క. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 120ని 24తో భాగిస్తే సరిగ్గా 5. అదే 60ని భాగిస్తే రెండున్నర వస్తుంది. అందుకే 60 హెర్ట్జ్ టీవీలో కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే షాట్లలో చిన్న కుదుపు కనపడవచ్చు. 120 హెర్ట్జ్ ఉపయోగం గేమింగ్ కన్సోల్ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. ‘మోషన్’ అన్న పేరు పక్కన కనపడే పెద్ద పెద్ద అంకెల్ని నమ్మకండి. ‘నేటివ్ రిఫ్రెష్ రేట్ ఎంత?’ అన్నదే సరైన ప్రశ్న.

కొనకుండానే కొత్తగా

తెర వయసు వేరు, అందులోని కంప్యూటర్ వయసు వేరు. తెర ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది. లోపలి చిప్, మెమరీ మాత్రం త్వరగా పాతబడి యాప్‌లు నత్తనడక నడుస్తాయి. ‘టీవీ పాడైంది, మార్చేద్దాం’ అని ఇంట్లోవాళ్లు అనేది చాలాసార్లు అప్పుడే. పాత టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలించండి. కొత్త టీవీ ధరలో చిన్న భాగంతో పని అయిపోతుంది.

సెట్టింగ్స్ కూడా ఒకసారి తెరవండి. షోరూంలో కళ్లు చెదిరేలా కనపడే ‘వివిడ్’ మోడ్ ఇంట్లో ముఖాలకు పసుపు, ఎరుపు పులిమేస్తుంది. ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్‌కి మార్చండి. సినిమా సీరియల్‌లా జారిపోతున్నట్టు కనపడితే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. ఖర్చు సున్నా.

నిజంగా కొనాల్సి వస్తే షోరూంకి వెళ్లే ముందు ఈ నాలుగూ రాసుకోండి. ఒకటి, షోరూంలో తిరిగే డెమో వీడియో 4కేలో ప్రత్యేకంగా తీసింది. దాన్ని ఆపించి మీ ఇంట్లో రోజూ చూసే చానల్ పెట్టమనండి. రెండు, హెచ్‌డీఎంఐ పోర్టులు ఎన్ని, సౌండ్‌బార్ పెట్టుకునేందుకు ఈఆర్క్ ఉందా అడగండి. మూడు, బీఈఈ స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటు ఖర్చవుతుందో చూడండి. నాలుగు, 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. బిల్లులో 18 శాతమే ఉందా చూసుకోండి.

ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న

చివరి ఏడాదిలో ఒక ఇంటర్వ్యూలో నన్ను అడిగారు: ‘మీ ఇంట్లో ఉన్న ఏదైనా వస్తువు ఎలా పనిచేస్తుందో మాకు అర్థమయ్యేలా చెప్పండి.’ నేను మా నాన్న టీవీ కథ చెప్పా. వెంటనే రెండో ప్రశ్న వచ్చింది: ‘4కే వీడియోను ఏ కుదింపూ లేకుండా పంపితే సెకనుకు ఎంత డేటా?’

మీరూ వేసి చూడండి. 3840 × 2160 చుక్కలు, ఒక్కో దానికి 24 బిట్లు, సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. గుణిస్తే దాదాపు 4.8 గిగాబిట్లు. మనింటికి వస్తున్నది 15 మెగాబిట్లు. అంటే మూడు వందల వంతుల్లో ఒక వంతు! ఈ మాయ చేసేవే హెచ్ఈవీసీ, ఏవీ1 లాంటి కోడెక్‌లు. అదే 60 ఫ్రేములైతే లెక్క దాదాపు 12 గిగాబిట్లకు చేరుతుంది. హెచ్‌డీఎంఐ 1.4 సామర్థ్యం 10.2 గిగాబిట్లే. 4కేలో 60 ఫ్రేములు పంపడానికి 18 గిగాబిట్ల హెచ్‌డీఎంఐ 2.0 ఎందుకు రావాల్సి వచ్చిందో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. బట్టీ పట్టాల్సిన పని లేదు, గుణకారం వస్తే చాలు. ఆ రోజు వేరే ప్రశ్నలకు తడబడ్డాను కానీ దీనికి మాత్రం తడబడలేదు.

ఈ నాలుగు మజిలీల్లో ప్రతి దగ్గరా ఉద్యోగాలున్నాయి. వీడియో కుదింపు, స్ట్రీమింగ్ పనులకు సీఎస్ఈవాళ్లు కావాలి. టీవీ లోపలి చిప్, ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్, టెస్టింగ్‌లకు ఈసీఈవాళ్లు కావాలి. తయారీ మన దగ్గరికే వచ్చింది. తిరుపతి ప్రాంతంలో డిక్సన్ టీవీలు తయారుచేస్తోంది, టీసీఎల్ గ్రూపు డిస్‌ప్లే ప్యానెళ్ల ప్లాంటూ అక్కడే ఉంది. హైదరాబాద్ ఫ్యాబ్ సిటీలో రేడియంట్ అప్లయన్సెస్ టీవీలు తయారవుతున్నాయి. డిప్లొమా, ఐటీఐ చదివినవాళ్లకు ఇలాంటి లైన్లు, సర్వీస్ సెంటర్లు మంచి మొదటి మెట్టు.

ఏ ఉద్యోగంలో చేరినా మీకు ఎదురయ్యేది ఇదే ప్రశ్న: ఎక్కడ ఆగిపోతోంది? వెబ్‌సైట్ నెమ్మదించినా, మెషీన్ ఆగినా, ‘కొత్తది కొందాం’ అనేవాళ్లు చాలామంది ఉంటారు. ముందు వెనక్కి వెళ్లి వైరు చూసేవాళ్లు తక్కువ. అలా చూసేవాళ్ల కోసమే కంపెనీలు వెతుకుతాయి.

ఈ ఆదివారం ఇంట్లో ఉంటే టీవీ వెనక్కి ఒకసారి తొంగి చూడండి. ఏ పోర్టులో ఏ వైరుందో, బాక్సు ఎస్‌డీయో హెచ్‌డీయో, సోఫా ఎన్ని అడుగుల దూరంలో ఉందో కాగితం మీద రాయండి. ఆ తర్వాత అదంతా అమ్మకు అర్థమయ్యేలా, ఒక్క ఇంగ్లిష్ పొడి అక్షరం కూడా వాడకుండా చెప్పండి. అమ్మకు అర్థమైందంటే ఇంటర్వ్యూ బోర్డుకీ అర్థమవుతుంది.