బీసీ-ఇ, బీసీ-బి కలిపేయకుండా ఏఐకి దారి చెప్పేదెలా?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గర పడిందంటే అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు మన ఇళ్లలో ఒకటే మాట: కుల పత్రం తీశారా? అమ్మాయి బీసీ-ఇ కిందకు వస్తుందా, బీసీ-బి కిందకా? ఇప్పుడు సచివాలయానికి వెళ్లే ముందే ఫోన్‌లో ఏఐని అడిగేస్తున్నారు. ప్రభుత్వ సేవలూ ఫోన్‌లోకి వచ్చాయి. 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్‌లో ‘మన మిత్ర’ మొదలైంది. రేపు మన ఊరి కుర్రాళ్లే సంఘం కోసం ఒక ఏఐ సహాయకుడిని తయారు చేశారనుకోండి. వాళ్లు అన్నిటికంటే శ్రద్ధగా రాయాల్సింది ప్రోగ్రామ్ కాదు, టూల్ వివరణ.

ఏఐ ఏజెంట్‌కు అన్నీ తెలిసి ఉండవు. జీవోలు, కులాల జాబితాలు, దరఖాస్తు పద్ధతులు ఒకచోట చేర్చి పెడతారు. దాన్నే నాలెడ్జ్ బేస్ అంటారు. అందులో వెతకడానికి ఏజెంట్‌కు ఇచ్చే సాధనం టూల్. మామూలుగా ఆ టూల్ లోపలి కోడ్ ఏజెంట్‌కు కనపడదు. కనపడేవి టూల్ పేరు, దాని గురించి రాసిన నాలుగు ముక్కలు, ఏ వివరాలు నింపాలన్నది. అంతే. ఫైళ్ల బీరువా మీద అంటించిన చీటీ చూసి తలుపు తీసినట్టే.

ఇప్పుడు ఒక టూల్ మీద ‘కుల సమాచారం వెతుకుతుంది’ అని, రెండోదాని మీద ‘రిజర్వేషన్ సమాచారం వెతుకుతుంది’ అని రాశారనుకుందాం. దూదేకుల కుటుంబం ఒకటి అడిగింది, మాది ఏ గ్రూపు అని. ఏజెంట్ ‘ముస్లిం’ అని వెతికి, 2007 చట్టం పట్టుకొస్తుంది. 14 వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం అని అందులో ఉంటుంది. ‘మీది బీసీ-ఇ’ అని ధీమాగా చెప్పేస్తుంది. కానీ దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా వర్గాలు బీసీ-బి. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి వర్గాలైతే బీసీ-ఇలో లేనే లేవు. ముస్లిం అంటే బీసీ-ఇ అనుకోవడం మనవాళ్లలోనూ ఉన్న పొరపాటే, యంత్రాన్ని ఒక్కదాన్నే అని లాభం లేదు. అయితే తప్పు గ్రూపుతో పెట్టిన దరఖాస్తు వెనక్కి వచ్చేలోపు కౌన్సెలింగ్ తేదీ దాటిపోవచ్చు.

అదే వివరణ ఇలా ఉంటే?

‘ఆంధ్రప్రదేశ్ బీసీ జాబితాలో ఒక వర్గం ఏ గ్రూపులో ఉందో చూపుతుంది. వెతకడానికి వర్గం పేరు ఇవ్వాలి. ముస్లిం అనే మాట ఒక్కటే ఇస్తే సరిపోదు. వర్గం తెలియకపోతే ముందు అడిగినవారినే అడగాలి. పేరు ముందున్న షేక్‌ను బట్టి గ్రూపు తేల్చకూడదు. కుల పత్రం ఎలా తీసుకోవాలో ఇందులో లేదు, దానికి దరఖాస్తుల టూల్ వాడాలి. ఏమీ దొరకకపోతే అర్హత లేదని కాదు, ఇక్కడ దొరకలేదని మాత్రమే చెప్పి తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోమనాలి.’

కాస్త పొడుగే. కానీ ఇందులో అసలు పని చేసేవి ‘ఇందులో లేదు’, ‘దొరకకపోతే’ అన్న మాటలు. చాలామంది టూల్ ఏం చేస్తుందో రాసి ఆపేస్తారు. ఏం చేయదో రాయకపోతే ఏజెంట్ ఊహిస్తుంది. ఖాళీ ఫలితాన్ని ‘మీకు రాదు’ అని చెప్పేస్తే, అర్హత ఉన్న పిల్ల ఇంట్లోనే ఆగిపోతుంది.

ఊళ్ల పేర్లదీ ఇదే తంటా. కొత్తపేట మన జిల్లాలో ఉంది, గుంటూరులో ఉంది, హైదరాబాద్‌లోనూ ఉంది. కాబట్టి ఊరు నింపే చోట ‘జిల్లా, మండలం కూడా ఇవ్వాలి’ అని రాయాలి. కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, ఆ ఏడాదే దాని పేరుకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరింది. అంతకుముందు తీసిన పత్రాల్లో తూర్పు గోదావరి అనే ఉంటుంది. ఈ ముక్క వివరణలో లేకపోతే, అమలాపురం కుటుంబం పాత పత్రం చూపించినా ఏజెంట్ వేరే జిల్లా కింద వెతుకుతూ కూర్చుంటుంది.

జనం వాడే మాటలు కూడా చేర్చాలి. కుల ధ్రువీకరణ పత్రం అని పూర్తిగా ఎవరంటారు? కాస్ట్ సర్టిఫికెట్ అంటారు, ఇంట్లో పెద్దవాళ్లు జాత్ కా సర్టిఫికెట్ అంటారు. మూడూ ఒకటేనని రాసిపెడితే సరి.

రాశాక పరీక్షించడం మరచిపోవద్దు. ఇరవై ప్రశ్నలు ఇంట్లోవాళ్ల చేత వాళ్ల మాటల్లోనే అడిగించండి. జవాబు బాగుందా అన్నది తర్వాత, ఏజెంట్ ముందు ఏ టూల్ తెరిచిందో చూడండి. రెండు టూళ్ల మధ్య పదే పదే తికమక పడుతుంటే వాటి వివరణలు ఒకదానిలోకి ఒకటి చొరబడుతున్నట్టు. మాటలు విడదీసి రాయండి, అప్పటికీ కుదరకపోతే రెండూ కలిపి ఒకే టూల్ చేసేయండి.