విప్పేది తాడు, వదిలేది దూడ

తెల్లవారుజామున పాలు పితికే వేళకు గుంజకు కట్టిన దూడ గింజుకుంటూ ఉంటుంది. ఇంటావిడ వచ్చి గుంజకున్న పలుపు విప్పుతుంది. దూడకు అప్పుడే స్వేచ్ఛ రాలేదు, పలుపు కొస ఆమె గుప్పిట్లోనే ఉంది. తల్లి దగ్గరికి నడిపించుకొచ్చి అక్కడ వదులుతుంది. దూడ పొదుగును నాలుగు కుమ్ములు కుమ్ముతుంది, ఆవు చేపుతుంది, దూడను లాగి మళ్లీ కట్టేస్తారు. విప్పింది తాడును, వదిలింది దూడను. ‘దూడను విప్పింది’ అన్నా మాట చెల్లుతుంది. ‘పలుపు వదిలింది’ అంటే మాత్రం దూడ వీధిలో పరుగులు తీస్తున్నట్టే.

కట్టు నుంచి బయటపడేయడానికి తెలుగు ఒక్క క్రియతో సరిపెట్టుకోలేదు. విప్పు, వదులు, విడుచు, విడిపించు. వీటిలో ఒక్కొక్కటి ఒక్కో వైపు చూస్తుంది.

‘విప్పు’ చూపు ముడి మీద. మూట విప్పుతారు, జడ విప్పుతారు, పొడుపుకథ విప్పుతారు. ముడుచుకున్నదేదైనా తెరుచుకుంటే చాలు, ఆ మాట వచ్చేస్తుంది. పాము పడగ విప్పుతుంది, నెమలి పురి విప్పుతుంది, ఎంతకీ పలకని నిందితుడు చివరికి నోరు విప్పుతాడు.

‘వదులు’ చూపు పట్టు మీద. చొక్కా వదులుగా ఉందంటే ఒంటిని పట్టి లేదని. అందుకే మనిషిని పట్టుకున్నవన్నీ వదలాల్సిందే. జ్వరం పట్టుకుంటుంది, వదులుతుంది. దెయ్యం అంతే, తిక్కా అంతే. పెళ్లి ఖర్చులకు చేతి చమురు కూడా వదులుతుంది, కాకపోతే ఆ వదలడంలో సుఖం లేదు.

ఈ మాట అసలు సొగసు సినిమా హాలు దగ్గర తెలుస్తుంది. శుక్రవారం సినిమా ‘విడుదల’ అవుతుంది. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ‘ఫస్ట్ షో వదులుతారు’. విడుదలయ్యేది బొమ్మ, వదిలేది జనాన్ని. రెండున్నర గంటలు చీకట్లో కూర్చోబెట్టినవాళ్లను గేట్లు తీసి బయటికి పంపడం కదా మరి! బడి వదలడమూ ఇలాంటిదే. తెలంగాణ పల్లెల్లో ‘బడి ఇడిసిండ్రు’ అంటారు. ఇకారం ముందున్న వకారం నోట్లో జారిపోవడం తెలుగు ప్రాంతాలన్నిటా ఉన్నదే. విప్పు ‘ఇప్పు’ అవుతుంది, విడుచు ‘ఇడుచు’ అవుతుంది.

నీళ్ల విషయంలో ఆఫీసుకూ పొలానికీ భాష వేరు. 1967లో ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీటిని ‘విడుదల చేశారు’ అని రాస్తారు. ఆయకట్టు రైతు మాత్రం ‘కాలవకు నీళ్లొదిలారు’ అంటాడు. వరదొచ్చి సాగర్ 26 గేట్లూ తెరిస్తే రెండు మాటలూ పక్కకు పోతాయి, ‘గేట్లెత్తారు’ అన్న ఒక్క ముక్కతో అందరికీ అర్థమవుతుంది.

అన్నిటికన్నా పెద్ద కుటుంబం ‘విడు’ ధాతువుది. తనంత తాను జరిగితే వీడుతుంది, ఒకరు చేస్తే విడుస్తారు, చిక్కుకున్నవాళ్ల కోసం ఇంకొకరు పూనుకుంటే విడిపిస్తారు. ‘హత్య కేసులో వీడిన మిస్టరీ’ అని పత్రిక శీర్షిక పెట్టినప్పుడు, విప్పిందెవరో చెప్పే పని తప్పిపోతుంది. సబ్ ఎడిటర్లకు ఈ క్రియ అంత ఇష్టం కావడానికి అదో కారణం అయ్యుండవచ్చు.

ఈ తేడా రామదాసు కథలో స్పష్టంగా కనిపిస్తుంది. సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించినందుకు కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో పడ్డాడు. రామలక్ష్మణులు మారువేషంలో వెళ్లి తానీషాకు బాకీ చెల్లించారని జనం చెప్పుకునే కథ. ఇందులో రాముడు విడిపించాడు, తానీషా విడుదల చేశాడు. తారుమారు చేసి ‘తానీషా విడిపించాడు’ అంటే చెవికి గుచ్చుకుంటుంది. తాళంచెవి ఉన్నవాడు విడుదల చేస్తాడు, లేనివాడు విడిపిస్తాడు. బంగారం తాకట్టు పెట్టిన ప్రతి ఇంటికీ ఇది తెలుసు. వడ్డీతో సహా కట్టి గాజులు ‘విడిపించుకొస్తారు’. లాకరు తీసి ఇచ్చేది బ్యాంకు అధికారే అయినా ఆ క్రియ ఆయనకు దక్కదు.

సంస్కృతంలో ‘ముచ్’ ధాతువు నుంచి వచ్చిన మోక్షం, ముక్తి, విమోచన కాస్త బరువైన మాటలు. గజేంద్ర మోక్షంలోనూ మొదట కావలసింది మొసలి నోట్లోంచి కాలు బయటపడటమే. ఈ మాటల్లో ఒకటి రాజకీయమూ చేసింది. 1948 సెప్టెంబరు 17న హైదరాబాద్ సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయింది. ఆ రోజు కొందరికి విమోచన, కొందరికి విలీనం, మరికొందరికి విద్రోహం. 2022 నుంచి కేంద్రం విమోచన దినంగా జరుపుతోంది. ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో అది ప్రజాపాలన దినోత్సవమైంది. ‘విమోచన’ అనగానే పట్టి ఉంచిందెవరన్న ప్రశ్న వస్తుంది. పేచీ అంతా అక్కడే.

చుట్టాల ఇళ్లలో ‘విడు’ ఇంకా ఎక్కువ పని చేస్తోంది. తమిళంలో అది ‘విడు’, కన్నడంలో ‘బిడు’. పని పూర్తయిందని చెప్పడానికి వాళ్లు ఈ క్రియనే తోడు తెచ్చుకుంటారు. కన్నడిగుడి ‘మాడిబిడు’కు మన మాట ‘చేసెయ్’. తెలుగు ఆ కొలువును ‘వేయు’కు అప్పగించింది. తమిళంలో ‘విడుదలై’ అంటే స్వాతంత్ర్యం కూడా. ‘వీడు’ అంటే ఇల్లూ అవుతుంది, మోక్షమూ అవుతుంది. తెలుగులో ఆ ఇంటి వాసన ‘విడిది’లో మిగిలింది. మగపెళ్లివారికి విడిది ఇస్తాం, రాష్ట్రపతి శీతాకాల విడిదికి బొల్లారం వస్తారు.

విప్పడానికీ విడవడానికీ మధ్య గీత ఎక్కడుందో ఇంట్లో బట్టలే చెబుతాయి. విప్పిన చొక్కా మళ్లీ తొడుక్కోవచ్చు. విడిచిన చొక్కా చాకిరేవుకో వాషింగ్ మెషీన్‌కో పోవాలి. విడవడమంటే ఒంటి నుంచి తీసి, అక్కడే ఉంచి, ముందుకు పోవడం. గుడి మెట్ల దగ్గర ‘చెప్పులు ఇచ్చట విడువరాదు’ అని బోర్డు రాసినవాడు ఆ క్రియను ఆచితూచి వాడాడు. అక్కడ విప్పితే తప్పు లేదు, చేత్తో పట్టుకుని స్టాండుకు వెళ్లాలి. సరిగ్గా ఆ బోర్డు కిందే ఓ గుట్ట చెప్పులుంటాయి. దర్శనం చేసుకుని వచ్చేసరికి తమ జత కనబడనివాళ్లు కాసేపు ఆ గుట్టలో వెతికి, ఆశ వదులుకుని, కాళ్లు కాలుతుండగా ఆటో ఎక్కుతారు.