పెత్రమాస నాటి పూలు: ఉమ్మడి మెదక్ చిత్రకళలో చావు, పుట్టుక, ఆచారం

4.1 పరిచయం

మీరు సంగారెడ్డిలోనో, పటాన్‌చెరు పారిశ్రామికవాడలోనో ఉంటే ఈ రోజు మీకు తెలిసిందే. భాద్రపద అమావాస్యను మనం పెత్రమాస అంటాం. పొద్దున చనిపోయిన పెద్దల పేర బియ్యం ఇస్తారు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పొద్దున ఏడ్చిన మనిషే సాయంత్రం పూల చుట్టూ తిరుగుతుంది. ఆచారం దుఃఖాన్ని తుడిచివేయదు. దానికి ఒక వేళను, ఒక చోటును, నలుగురి తోడును ఇస్తుంది. ఈ పనిని చిత్రకళ ఎలా చేస్తుంది? సంగారెడ్డి కేంద్రంగా ఉన్న ఉమ్మడి మెదక్ జిల్లాకు చెందిన ఇద్దరు చిత్రకారుల ద్వారా ఈ భాగంలో తెలుసుకుందాం.

4.2 కాపు రాజయ్య: ఆచారాన్ని చూపే చిత్రం

సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య (1925–2012) బతుకమ్మ, బోనాలు వంటి పండుగలను చిత్రించారు. ఆయనపై నకాశీ బొమ్మల ప్రభావం ఉంది. నకాశీ పద్ధతిలో గీతలు స్పష్టంగా, రంగులు చిక్కగా ఉంటాయి; లోతు భ్రమకు ప్రాధాన్యం ఉండదు. ఇలాంటి చిత్రంలో ఒక్కొక్కరి ముఖకవళికల కంటే గుంపు ముఖ్యం. కనుక అందులో ఎవరు సంతోషంగా ఉన్నారో, ఎవరు దుఃఖంలో ఉన్నారో వెతకవలసిన పని లేదు. వలయంలో అందరికీ చోటుంది.

4.3 లక్ష్మాగౌడ్: చక్రాన్ని చూపే చిత్రం

1940లో నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ హైదరాబాదులోనూ, తరువాత బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్దా చదువుకున్నారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనకు పేరు తెచ్చిన మాధ్యమాలలో ఎచింగ్ ఒకటి. ఇందులో లోహపు రేకుపై మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ఉంచుతారు. పూత తొలగిన చోట ఆమ్లం లోహాన్ని తింటుంది. ఆ గాడిలో సిరా నింపి తడి కాగితంపై అచ్చు తీస్తారు. అంటే లోహం పోయిన చోటే గీత పుడుతుంది.

ఆయన బొమ్మల్లో పల్లె మనుషులు, మేకలు, చెట్లు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. అక్కడ పండుగ కనిపించకపోవచ్చు. కానీ చావు జరిగిన ఇంట్లో పిట్టకు పెట్టే ఆచారాన్ని గుర్తు చేసుకోండి. పిట్ట ముట్టేదాకా ఇంటివారు ఎదురుచూస్తారు. మనిషికీ, పిట్టకూ, మట్టికీ మధ్య తెగని బంధం ఉందన్న నమ్మకమే దానికి మూలం. లక్ష్మాగౌడ్ గీతలను ఆ బంధం వైపు నుంచి కూడా చదవవచ్చు.

4.4 చివరి అడుగు

బతుకమ్మ నీటిలో కలవడంతో ఆట ముగుస్తుంది. పూలు నీటికి చేరితేనే చక్రం పూర్తవుతుంది. కానీ పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతంలో పరిశ్రమల వ్యర్థాలు చెరువులనూ, నక్కవాగునూ కలుషితం చేశాయి. దీనిపై 1990లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. చెరువు పాడైతే పోయేది నీరు మాత్రమే కాదు. దుఃఖాన్ని వదిలివచ్చే చోటు కూడా పోతుంది. ఊరు విడిచి ఇక్కడికి పనికి వచ్చిన కార్మికునికి ఆ చోటు మొదటి నుంచీ దూరమే. పండుగను అందంగా చూపడంతో నేటి చిత్రకారుని పని తీరిపోదు. ఆచారానికి చోటు లేనప్పుడు దుఃఖం ఎక్కడ నిలవాలి? ఈ ప్రశ్నను ఎదుర్కొన్న చిత్రమే మన కాలపు చిత్రమవుతుంది.

4.5 మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. ఆచారాన్ని చూపే చిత్రానికీ, జీవన చక్రాన్ని చూపే చిత్రానికీ గల తేడాను మీ సొంత మాటల్లో ఐదు వాక్యాల్లో రాయండి.

2. మీ ఇంటికి దగ్గరలోని చెరువు వద్దకు వెళ్లండి. బతుకమ్మ అక్కడ నీటిలో కలుస్తుందా? మీ ఇంటి పెద్దలను అడిగి, వారి కాలంలో ఎలా ఉండేదో తెలుసుకోండి. రెండు కాలాలనూ ఒకే కాగితంపై పెన్సిల్‌తో గీయండి. బొమ్మ బాగా రాలేదని చింతించకండి. ఏది పోయిందో కనిపిస్తే చాలు.